పట్టకారు నొక్కు ఎంత దూరం పోతుంది: సెయింట్ వెనాంట్ సూత్రం చరిత్ర

ఒక ఉక్కు కడ్డీని రెండు చివరలా పట్టి లాగినప్పుడు దాని లోపల ఏ చోట ఎంత బలం పుడుతుందో లెక్కకట్టే శాస్త్రానికి మొదటి నుంచీ ఒక చిక్కు వెంటాడుతూ వచ్చింది. బరువు పడినప్పుడు సాగి లేదా వంగి, అది తొలగగానే మునుపటి ఆకారానికి తిరిగివచ్చే గుణాన్ని స్థితిస్థాపకత అంటారు; ఆ గుణాన్ని వివరించే సమీకరణాలు, వస్తువు ఉపరితలం మీద ప్రతి బిందువు దగ్గరా ఎంత బలం ఏ దిక్కుగా పడుతున్నదో చెబితే తప్ప జవాబు ఇవ్వవు. ఆ వివరం ఇంజనీరుకు దాదాపు ఎన్నడూ తెలియదు. కడ్డీ చివరను బోల్టుతో బిగించినా, దవడల మధ్య ఇరికించినా, మరో ఇనుప ముక్కకు అతికించినా, ఆ చివర పడే మొత్తం బలం ఇంత, దాని భ్రామకం, అంటే తిప్పే ప్రభావం, ఇంత అని మాత్రమే అతడు చెప్పగలడు. అది చివరి ముఖం మీద ఏ చుక్క దగ్గర ఎంత వంతున పంచబడిందో చెప్పలేడు.

ఈ చిక్కును దాటించిన ఊహకే సెయింట్ వెనాంట్ సూత్రమని పేరు. కడ్డీ చివర ఉన్న ఒక బలసమూహాన్ని తీసివేసి, అంతే మొత్తం బలమూ అంతే మొత్తం భ్రామకమూ కలిగిన మరో బలసమూహాన్ని అక్కడ పెడితే, రెంటి వల్ల కలిగే ఫలితాల తేడా చివరికి దగ్గరలో మాత్రమే కనిపిస్తుందనీ, లోపలికి పోయేకొద్దీ మాసిపోతుందనీ అది చెబుతుంది. ఒక సమూహంలోంచి మరొకదాన్ని తీసివేయగా మిగిలేది మొత్తం బలమూ మొత్తం భ్రామకమూ సున్నా అయిన సమూహం కాబట్టి, తమలో తామే సరిపోయే ఇటువంటి స్వయం సమతుల బలాల ప్రభావం దూరంతో క్షీణిస్తుందన్నదే సూత్రానికి అసలు రూపం. 1853లో ఒక ఇంజనీరు తన లెక్కకు ఆసరాగా చెప్పిన ఈ మాట గణితంలో రుజువు పొందడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది. ఆ 112 ఏళ్లలో సూత్రం దాని కర్త ఉద్దేశించిన మేర దాటి ఎంతో దూరం వ్యాపించింది. రుజువు దొరికేసరికి, అది మళ్లీ ఆయన మొదలుపెట్టిన చోటికే, సన్నని పొడవాటి కడ్డీ దగ్గరికే, చేరుకుంది.

స్థితిస్థాపకత సమీకరణాలు పుట్టింది 1820ల ఫ్రాన్సులో. వంతెనలు, రహదారుల ఇంజనీరైన క్లాద్ లూయీ నావియే 1821లో పారిస్ విజ్ఞాన అకాడమీకి వాటిని మొదట సమర్పించగా, ఆ వెంటనే ఆగస్టీన్ కోషీ ప్రతిబలం అన్న భావనను, అంటే వస్తువు లోపల ఊహించుకున్న ఏ తలం మీదనైనా ఒక భాగం పక్క భాగాన్ని నెట్టే లేదా లాగే బలాన్ని వైశాల్యంతో భాగించి చెప్పే పద్ధతిని, స్థిరపరిచాడు. సమీకరణాలైతే చేతికి వచ్చాయి గాని, వాటిని సాధించి నిజమైన దూలానికో ఇరుసుకో అన్వయించడం దాదాపు ఎవరికీ చేతకాలేదు. ఇరుసుల మెలికకు అప్పటికి వాడుకలో ఉన్న లెక్క 1784లో కూలుంబ్ సన్నని గుండ్రటి తీగల మీద చేసిన పరిశోధన నుంచి వచ్చింది. మెలిపెట్టినప్పుడు ప్రతి అడ్డుకోత, అంటే కడ్డీని అడ్డంగా కోస్తే కనిపించే ముఖం, చదునుగానే ఉండి తిరుగుతుందని అది భావించింది. గుండ్రటి కడ్డీకి నిజమైన ఈ ఊహను నావియే చతురస్రపు కడ్డీకి కూడా వర్తింపజేశాడు. అది పొరపాటని తేల్చినవాడు ఆయన శిష్యుడే.

అధెమార్ జాఁ క్లాద్ బారె ద సెయింట్ వెనాంట్ 1797లో పారిస్‌కు సమీపంలోని విలియే ఆఁ బియేర్ గ్రామంలో పుట్టి, పదహారేళ్ల వయసులో, 1813లో, ఎకోల్ పోలీటెక్నీక్‌లో చేరాడు. మరుసటి ఏడాది మార్చిలో శత్రు సేనలు పారిస్‌ను సమీపించినప్పుడు ఆ విద్యార్థులను నగర రక్షణకు ఫిరంగుల వెంట పంపారు. తన దళానికి సార్జెంటుగా ఉన్న ఆ కుర్రవాడు వరుసలోంచి బయటికి వచ్చి, సింహాసనాన్ని అన్యాయంగా ఆక్రమించినవాని కోసం పోరాడటానికి తన అంతరాత్మ ఒప్పుకోదని ప్రకటించాడు. పారిపోయినవాడన్న ముద్ర పడి, చదువు ఆగిపోయింది. తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు ప్రభుత్వ తుపాకిమందు శాఖలో పనిచేశాక, 1823లో గాని ఆయనకు వంతెనలు రహదారుల కళాశాలలో ప్రవేశం దొరకలేదు. అక్కడ కూడా తోటి విద్యార్థులు రెండేళ్ల పాటు ఆయనతో మాట్లాడలేదనీ, ఆయన పక్కన కూర్చోలేదనీ సమకాలికులు రాశారు. ఆయన అన్ని పాఠాలూ విని, తరగతిలో మొదటివాడుగా బయటికి వచ్చాడు. కాలువల నిర్మాణంలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా నావియే సమీకరణాలతో కుస్తీపట్టిన ఈ మనిషికి సిద్ధాంతమూ పనితలమూ రెండూ తెలుసు; సూత్రం పుట్టుకకు ఆ రెంటి కలయికే కారణమని చెప్పవచ్చు.

1853 జూన్‌లో ఆయన అకాడమీకి సమర్పించిన మెలికల గ్రంథం 1855లో అచ్చయింది. వంపు గురించిన దాని జంట రచన 1856లో వచ్చింది. వాటిలో ఆయన అనుసరించిన మార్గం కొత్తది. వస్తువు ఎలా రూపు మారుతుందో పూర్తిగా ముందే ఊహిస్తే సమస్య చప్పబడిపోతుంది. ఏమీ ఊహించకపోతే అసలు కదలదు. అందుకే ఆయన మార్పులో కొంత భాగాన్ని ఊహించి, మిగిలిన భాగాన్ని సమీకరణాల చేతనే చెప్పించాడు. ఈ మధ్యేమార్గాన్ని అర్ధవిలోమ పద్ధతి అంటారు. దాని ఫలితాలు ఆనాటి ఇంజనీర్లకు తలకిందులుగా తోచి ఉండాలి. చతురస్రపు కడ్డీని మెలిపెడితే దాని అడ్డుకోత చదునుగా ఉండక, కొన్నిచోట్ల ఉబ్బి, కొన్నిచోట్ల గుంటపడుతుంది. పాత లెక్క ప్రకారం ఇరుసు మధ్యనుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలల దగ్గర ప్రతిబలం అత్యధికం కావలసి ఉండగా, నిజానికి మూలల్లో అది సున్నా. అత్యధికమయ్యేది మధ్యకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే చోట, భుజాల నడిమి బిందువుల దగ్గర.

అయితే ఈ సాధన అక్షరాలా నిజం కావాలంటే, కడ్డీ చివరలను తిప్పే బలాలు కూడా సాధన లోపల చెప్పిన పంపకం ప్రకారమే, బిందువు బిందువుకూ సరిపోయేలా పడాలి. ఏ యంత్రమూ ఇరుసును అలా తిప్పదు. ఇక్కడే సెయింట్ వెనాంట్ తన మాట చెప్పాడు: పొడవుతో పోలిస్తే అడ్డుకొలత చిన్నదైన కడ్డీలో, చివర బలాలను వేసే తీరు, వాటి మొత్తం ఫలితం మారనంత వరకు, చివరికి బాగా దగ్గరగా ఉన్న భాగాలకు తప్ప మిగిలిన పొడవుకు లెక్కలోకి రాదు. దీన్ని ఆయన రుజువు చేయలేదు. రుజువు చేశానని అనలేదు కూడా. రబ్బరు కడ్డీలతో చూపించాడు. రబ్బరు కడ్డీని ఒకచోట పట్టకారుతో రెండు వైపులనుంచీ నొక్కితే, ఎదురెదురుగా ఉన్న ఆ రెండు సమాన బలాలూ ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. నొక్కినచోట రబ్బరు లోతుగా సొట్టపోతుంది గాని, కాస్త ఇవతలికి చూస్తే మిగిలిన కడ్డీ ఏమీ జరగనట్టే తిన్నగా ఉంటుంది. ఆ ప్రయోగాన్ని ఎవరైనా, ఒక రబ్బరు ముక్కతో, ఈనాడు కూడా చేసి చూడవచ్చు. మెలికకు సంబంధించిన పెద్ద సిద్ధాంతం మొత్తం ఆచరణలో నిలబడింది ఆ సొట్ట అక్కడే ఆగిపోతుందన్న నమ్మకం మీద.

కొస దగ్గర జరిగేది లోపలికి పోతూ క్షీణించడం భౌతికశాస్త్రానికి అప్పటికి కొత్త విషయం కాదు. ఉష్ణ సిద్ధాంతం మీద 1822లో వెలువడిన తన గ్రంథంలో జోసెఫ్ ఫురియే, ఒకవైపు అంతులేకుండా సాగే రేకు కొసను వేడిగానూ, దాని రెండు అంచులను చల్లగానూ ఉంచితే, లోపలికి పోయేకొద్దీ ఉష్ణోగ్రత ఘాతీయంగా తగ్గుతుందని చూపాడు. ఘాతీయ క్షయమంటే, సమాన దూరం నడిచిన ప్రతిసారీ మిగిలినదాంట్లోంచి అదే వంతు తరిగిపోవడం. చక్రవడ్డీని తిరగవేస్తే వచ్చే లెక్క ఇదే. ఫురియే రేకులో ఆ తరుగుదల వేగాన్ని నిర్ణయించేది రేకు వెడల్పు. కడ్డీ విషయంలో కూడా దూరాన్ని కొలిచే సహజమైన కొలబద్ద కడ్డీ అడ్డుకొలతే అవుతుందన్నది ఇందులోంచి తట్టవలసిన ఆలోచన. అయితే ఉష్ణోగ్రత సమీకరణం కన్నా స్థితిస్థాపకత సమీకరణాలు చాలా జటిలమైనవి కావడంతో ఆ పోలిక రుజువుగా మారడానికి మరో శతాబ్దం పట్టింది.

ఊహను సూత్రమనే స్థాయికి ఎత్తినవాడు సెయింట్ వెనాంట్ అనుయాయి జోసెఫ్ బుసినెస్క్. 1885లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఒకవైపు చదునైన ఉపరితలం ఉండి మిగిలిన అన్ని దిక్కులా అంతులేకుండా సాగే ఘనపదార్థం మీద, నేల మీద పునాది మోపినట్టు, బలం వేస్తే ఏమవుతుందో సాధించి, ఆ ఫలితాల ఆధారంతో సూత్రాన్ని కడ్డీలకే పరిమితం చేయకుండా ఏ ఆకారపు వస్తువుకైనా వర్తించే సాధారణ నియమంగా చెప్పాడు. మరుసటి ఏడాది జనవరిలో సెయింట్ వెనాంట్ తన 88వ ఏట మరణించాడు. బుసినెస్క్ చేసిన ఈ విస్తరణలో, చూడడానికి చిన్నదైనా, పెద్ద మార్పు ఒకటి దాగి ఉంది. అంతులేని ఘనంలో బలాల ప్రభావం ఘాతీయంగా తగ్గదు. దూరపు వర్గానికో, ఘనానికో విలోమంగా, ఎంతో నిదానంగా తగ్గుతుంది. కడ్డీకీ అంతులేని ఘనానికీ క్షయం తీరే వేరైనప్పుడు, రెంటినీ ఒకే వాక్యంలో ఇమిడ్చిన సూత్రం ఎంత దూరంలో ఎంత తేడా అన్నది చెప్పలేని స్థితికి వచ్చింది. అయినా ఇంగ్లండులో అగస్టస్ లవ్ 1892లో మొదలుపెట్టి వెలువరించిన ప్రామాణిక గ్రంథంతో సహా, తర్వాతి పుస్తకాలన్నీ సూత్రాన్ని అలాగే స్వీకరించాయి. దగ్గర, దూరం అన్న రెండు మాటలకు అంకెలు ఇవ్వకుండా అరవై ఏళ్లు గడిచిపోవడం ఈ శాస్త్ర చరిత్రలో నిజంగా ఒక లోటు.

ఆ లోటును గట్టిగా ఎత్తిచూపినవాడు రిచర్డ్ ఫాన్ మీసెస్. నాజీల పాలన రాగానే బెర్లిన్ విడిచి ఇస్తాంబుల్‌కూ, అక్కడినుంచి అమెరికాలోని హార్వర్డ్‌కూ చేరిన ఈ గణితవేత్త 1945లో రాసిన చిన్న వ్యాసంలో, సూత్రాన్ని వాడుకలో ఉన్న రూపంలో తీసుకుంటే అది తప్పవచ్చునని ఉదాహరణలతో నిరూపించాడు. ఉపరితలం మీద ఒకే గీత వెంట, ఆ ఉపరితలానికి సమాంతరంగా, ఎదురెదురు దిక్కులకు లాగే రెండు సమాన బలాలను ఊహిస్తే, వాటి మొత్తం సున్నా, భ్రామకం కూడా సున్నా. అయినా దూరంలో వాటి ప్రభావం, భ్రామకం సున్నా కాని బలయుగ్మపు, అంటే ఎదురు దిక్కులకు పనిచేస్తూ వస్తువును తిప్పే రెండు సమాన బలాల జంటకుండే, ప్రభావానికి ఏమీ తీసిపోదు. బలాలన్నిటినీ వాటి వాటి చోట్ల ఒకే కోణంతో ఏ దిక్కుకు తిప్పినా సమతుల్యం చెదరకుండా ఉంటేనే ప్రభావం ఇంకో మెట్టు తగ్గుతుందని ఆయన తేల్చాడు. ఎలై స్టెర్న్‌బర్గ్ 1954లో ఈ ఫలితాన్ని సాధారణ ఆకారాలకు విస్తరించి రుజువు చేశాడు. బలాలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, ఉపరితలాన్ని ఒరుసుకుపోయే దిశలో లేనప్పుడు పాత సూత్రానికి లోటు రాదు కాబట్టి, ఇంజనీర్లు నిత్యం చూసే బరువుల విషయంలో అది నమ్మకంగా పనిచేస్తూ వచ్చింది. న్యాయంగా చూస్తే, ఫాన్ మీసెస్ విమర్శ తగిలింది బుసినెస్క్ విస్తరణకే. పొడవాటి కడ్డీ గురించి సెయింట్ వెనాంట్ అన్న మాట దాని వల్ల చెక్కుచెదరలేదు.

కడ్డీలలోనే సూత్రం తడబడే చోటు ఒకటి ఉందన్న సంగతిని విమానాల నిర్మాణం బయటపెట్టింది. పలుచని రేకులతో చేసిన ఆంగ్ల అక్షరం ఐ ఆకారపు దూలం చివర, పై పలకకూ కింది పలకకూ ఉన్న నాలుగు కొసల మీద, ఒకటి లాగుతూ దాని పక్కది నెడుతూ, నాలుగు సమాన బలాలను వేశారనుకుంటే, పై పలక ఒక పక్కకూ కింది పలక దానికి ఎదురు పక్కకూ వంగుతాయి. మొత్తం బలం సున్నా, మొత్తం భ్రామకం సున్నా. కాని రెండు పలకలను కలిపే నడిమి రేకు పలుచగా ఉండటం వల్ల, ఒక పలక వంపు రెండో పలక వంపును అడ్డుకోలేక, ఆ వికృతి దూలం పొడవునా చాలా దూరం ప్రయాణిస్తుంది. సోవియట్ శాస్త్రవేత్త వి. జెడ్. వ్లాసోవ్ 1940లో వెలువరించిన గ్రంథంలో ఇటువంటి బలాలకు ప్రత్యేకమైన కొలత ఒకటి ఏర్పరచి, పలుచని గోడల కడ్డీలకు వేరే సిద్ధాంతమే కట్టాడు. విమాన నిర్మాణాలకు సెయింట్ వెనాంట్ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నను నికొలస్ హాఫ్ 1945లో సూటిగా చర్చించాడు. ఈ నిర్మాణాలలో సూత్రం అబద్ధం కాలేదు. క్షయానికి పట్టే దూరాన్ని అడ్డుకొలత ఒక్కటే నిర్ణయించదనీ, గోడ మందం కూడా లెక్కలోకి వస్తుందనీ తేలింది.

చివరికి రుజువు 1965లో రిచర్డ్ టూపిన్ చేతుల మీదుగా వచ్చింది. 1966లో జేమ్స్ నోల్స్ సమతల సమస్యలకు దాని జోడు రుజువును ఇచ్చాడు. ప్రతి బిందువు దగ్గర ప్రతిబలం ఎంతో కనుక్కోవడానికి ప్రయత్నించకుండా, కడ్డీలో నిలవ ఉన్న శక్తిని మాత్రమే లెక్కించడం వీరి ఉపాయం. సాగదీసిన రబ్బరులో శక్తి దాగి ఉన్నట్టే, రూపు మారిన ప్రతి ముక్కలోనూ కొంత శక్తి నిలుస్తుంది. ఒక చివర మాత్రమే స్వయం సమతుల బలాలు పడే కడ్డీని తీసుకుని, ఏదైనా ఒక అడ్డుకోతకు ఆవలి భాగంలో ఉన్న శక్తి మొత్తాన్ని చూడాలి. ఆ శక్తి అంతా ఆ అడ్డుకోత గుండా జరిగిన పని వల్లే అక్కడికి చేరింది. చివర ఉన్న బలాలు స్వయం సమతులం కాబట్టి, ఆ అడ్డుకోత మీద పనిచేసే బలాలు కూడా స్వయం సమతులమే. అందువల్ల రూపం మారకుండా కడ్డీ మొత్తంగా జరగడం, తిరగడం అన్న కదలికలను లెక్కలోంచి తీసివేసినా పని మారదు. అవి పోగా మిగిలిన కదలికను ఆ చోటనే ఉన్న సన్నని ముక్క తాలూకు శక్తితో కట్టడి చేయవచ్చు. ఫలితంగా, ఆవలి శక్తి మొత్తం, ఆ చోట అది తరిగే వేగానికి ఒక స్థిరమైన గుణకాన్ని మించదన్న అసమానత వస్తుంది. అందులోంచి ఘాతీయ క్షయం దానంతటదే దిగివస్తుంది. టూపిన్ లెక్కలో క్షయపు దూరాన్ని నిర్ణయించేవి పదార్థపు స్థితిస్థాపక గుణకాలూ, కడ్డీలోంచి కోసిన ఒక ముక్క స్వేచ్ఛగా కంపిస్తే వచ్చే అతి తక్కువ పౌనఃపున్యమూ. పలుచని గోడల దూలపు ముక్క నిదానంగా కంపిస్తుంది కాబట్టి, అందులో క్షయం కూడా నిదానమేనన్న సంగతిని ఈ రుజువు తనలోనే ఇముడ్చుకుంది. ఎంత సరళమైన ఆలోచన ఇది! బలాల సమతుల్యం అన్న షరతు రుజువులో ఎక్కడ అవసరమవుతుందో కూడా అది వేలుపెట్టి చూపిస్తుంది.

ఇటువంటి రుజువులు ఇచ్చేది కనీసపు హామీ. నిజమైన క్షయం అంతకన్నా వేగంగా ఉండవచ్చు. అన్ని దిశలలోనూ ఒకే గుణాలు గల పదార్థంతో చేసిన పొడవైన పట్టీకి ఖచ్చితమైన లెక్క వేరే దారిలో దొరికింది. 1940 ప్రాంతంలో ఫాడ్లే, పాప్కోవిచ్ వేర్వేరుగా రూపొందించిన సాధనల ప్రకారం, పట్టీ వెడల్పంత దూరం లోపలికి పోయేసరికి, అన్నిటికన్నా నిదానంగా తగ్గే భాగం కూడా సుమారు 1.5 శాతానికి పడిపోతుంది. వెడల్పు 10 సెంటీమీటర్లైతే, 5 సెంటీమీటర్ల లోతులో దాదాపు 12 శాతం, 10 సెంటీమీటర్లలో 1.5 శాతం, 20 సెంటీమీటర్లలో పదివేలలో రెండు వంతులు మిగులుతుంది. సెయింట్ వెనాంట్ రబ్బరు కడ్డీలో కంటితో చూసినదానికి అంకెలు ఇవి.

ఈ అంకెలు అన్ని పదార్థాలకూ చెల్లవని 1977లో ఐ. చోయ్, కార్నీలియస్ హార్గన్ చూపించారు. కార్బన్ పోగులను జిగురులో పొదిగి చేసే మిశ్రమ పదార్థం పోగుల వెంట చాలా గట్టిది. పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా నిలిపే దృఢత మాత్రం అందులో తక్కువ. ఆ రెండు గుణకాల నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి క్షయపు దూరం పెరుగుతుంది. పోగుల వెంట గట్టిదనం జారుడు దృఢతకు సుమారు 28 రెట్లుండే పట్టీలో, కొస ప్రభావం ఒక శాతానికి దిగడానికి వెడల్పుకు దాదాపు నాలుగు రెట్ల దూరం కావాలి. మామూలు లోహపు పట్టీలో ఒక వెడల్పుకు కొంచెం పైన దూరం చాలు. లోహాలకు అలవాటైన చేతితో మిశ్రమ పదార్థపు నమూనాను పొట్టిగా కోసి పరీక్షిస్తే, కొలిచేది పదార్థపు బలాన్ని కాక దవడల పట్టును అయ్యే ప్రమాదం ఉంది.

కాంక్రీటు నిర్మాణంలో ఇదే సూత్రం మరింత సాదా రూపంలో నిలిచింది. 1987లో జర్మనీ ఇంజనీరు యోర్గ్ ష్లైక్, ఆయన సహచరులు, దూలాన్ని రెండు రకాల మండలాలుగా విడదీసే పద్ధతిని వివరంగా ప్రతిపాదించారు: మామూలు వంపు లెక్క సరిపోయేవి కొన్ని, ఆధారాలు, బరువు ఒకేచోట పడే బిందువులు, ఆకారం హఠాత్తుగా మారే మూలలు వంటివాటి చుట్టూ ఆ లెక్క పనికిరానివి కొన్ని. రెండో రకం మండలం హద్దును ఆ చోటునుంచి దూలం లోతంత దూరంలో గీస్తారు, ఆ గీత లోపల ఉక్కు కమ్మీలను విడిగా లెక్కించి వేస్తారు. అమెరికా కాంక్రీటు నియమావళి కూడా ఆ దూరాన్నే పాటిస్తోంది.